కంచె మేత

కంచే చేను మేస్తే కాచేదెవరని తెలుగునాట ఒక సామెత ఉన్నది. కాపాడవలసినవాడే కాజేస్తే ఇక దిక్కెవరన్నది దాని భావం. పల్లె జీవితంలో కంచెకూ మేతకూ మరొక విధమైన సంబంధం కూడా ఉన్నది. చేనులోకి పోనీయకుండా పశువును ఆపేది కంచె. ఆ కంచెనే పశువు మేతగా మేస్తుంది, అవసరమైన వేళ మందుగానూ వాడుకొంటుంది. తెలంగాణ పల్లెల్లో 'కంచ' లేక 'కంచె' అన్న మాటకు పొలం చుట్టూ ఉండే ముళ్లదడి అన్న అర్థంతోపాటు, పశువులు మేసే బీడు అన్న అర్థం కూడా వాడుకలో ఉన్నది. పంటకు రక్షణ, పశువుకు భక్షణ అనే రెండు ప్రయోజనాలను ఒకే మాటలో ఇముడ్చుకొన్న భాష, ఆ రెండింటి మధ్య గల అనుబంధానికి సాక్ష్యం పలుకుతున్నది.

ఆ కంచె నేడు క్రమంగా కనుమరుగవుతున్నది. పోతున్నవి నాలుగు ముళ్లమొక్కలే అయితే విచారించవలసిన పని లేదు. కాని వాటితోపాటు పశువుకు తెలిసిన ఒక విద్య, పశువును చూసి కాపరి నేర్చుకొన్న ఒక శాస్త్రం కూడా పోతున్నాయి. మొక్క, పశువు, కాపరి అనే ముగ్గురూ ఒకచోట ఉన్నంతకాలమే నిలిచే విద్య అది. ముగ్గురిలో ఏ ఒక్కరు తొలగినా మిగిలిన ఇద్దరూ దానిని నిలుపుకోలేరు. అందుచేత కంచెను గురించి ఆలోచించడమంటే ఒక జ్ఞాన సంప్రదాయాన్ని గురించి ఆలోచించడమే అవుతుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఖమ్మం, భద్రాచలం అడవి అంచుకంటె తగిన చోటు అరుదు. ఖమ్మం మైదానాన్ని దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగిపోతే పొలమూ అడవీ ఒకదానిలో ఒకటి కలిసిపోతూ కనిపిస్తాయి. ఒకవైపు వరి, పత్తి, మిరప చేలు. మరొకవైపు టేకు, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ చెట్లు. నడుమ కిన్నెరసాని వాగు. ఆ పైన గోదావరి. కోయలు, కొండరెడ్లు, లంబాడీలు, గొల్లలు ఈ అంచున పశువులను మేపుకొంటూ జీవిస్తున్నారు. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో 1959లో భద్రాచలం ప్రాంతం చేరింది. 2014లో గోదావరి తీరంలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం ప్రత్యేక జిల్లా అయింది. పాలకులు గీసే సరిహద్దులు ఇన్నిమార్లు మారినా పశువుకు తెలిసిన సరిహద్దు మాత్రం ఒక్కటే. ఇటు పొలం, అటు అడవి, నడుమ కంచె.

ఈ కంచె ఒకరు నాటినది కాదు. ఒకనాటితో పెరిగినదీ కాదు. రైతు పరికి, రేగు కంపలు కొట్టి అడ్డు వేస్తాడు. వాటి సందుల్లో వావిలి, కానుగ, సీమచింత మొలకెత్తుతాయి. వాటిమీద తిప్పతీగ, దూసరితీగ, నల్లేరు, గురివింద అల్లుకొంటాయి. మొదళ్లలో ఉత్తరేణి, కలబంద చోటు చేసుకొంటాయి. పశువు ముట్టదని తెలిసి జిల్లేడును, నేపాళాన్ని కొందరు వరుసగా నాటుతారు. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి అది ఎండుకంపల వరుసగా ఉండక, పక్షులు గూళ్లు కట్టే పచ్చని గోడగా మారుతుంది. అడవి తన విత్తనాలను పొలం గట్టుదాకా పంపుకొన్న దారి అది.

పశువు ఈ గోడను ఎప్పుడు ఆశ్రయిస్తుంది? తొలకరి పడి విత్తనాలు వేసిన నాటినుంచి పొలాలన్నీ పశువుకు నిషిద్ధ ప్రదేశాలవుతాయి. అప్పుడు మిగిలేవి చెరువుకట్టలు, బాటల అంచులు, కంచెలు, అడవి మొగదల. పంట ఇంటికి చేరిన తరువాత కొన్నాళ్లు కొయ్యకాళ్లు దొరుకుతాయి. శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి నేలమీద గడ్డి మాడిపోతుంది. అప్పటికీ పచ్చగా నిలిచేవి లోతైన వేళ్లు గల చెట్లు, తీగలు మాత్రమే. గడ్డి మేయడమే స్వభావమైన ఆవు కూడా ఆ రోజుల్లో మేకవలె మెడ సాచి ఆకు అందుకొంటుంది. ఏడాదిలో రెండు గడ్డు కాలాలను పశువు కంచె ఆధారంగానే దాటుతున్నదన్నమాట.

ఈ ఆకుమేత కేవలం కడుపు నింపే మేత కాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. మేతకు పనికివచ్చే చెట్ల ఆకుల్లో చాలావాటిలో అవి పది నుంచి ఇరవై శాతం వరకు ఉంటాయి. ఎండుగడ్డితో నిండిన కడుపుకు గుప్పెడు పచ్చి ఆకు తోడైతే, పశువు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ గడ్డిని కూడా బాగా జీర్ణం చేయగలుగుతాయి. ఆకుల్లోని వగరుకు టానిన్లనే పదార్థాలు కారణం. ఇవి మితంగా ఉంటే మేతలోని మాంసకృత్తులు మొదటి పొట్టలోనే విచ్ఛిన్నం కాకుండా ముందుకు సాగి ఒంటికి పడతాయి. కడుపులోని పురుగులను కొంతవరకు అదుపు చేస్తాయి. మితి మీరితే అవే జీర్ణశక్తిని దెబ్బతీస్తాయి. అందుకే పశువు ఒకే పొద వద్ద నిలబడి దానిని మోడు చేయదు. ఇక్కడ రెండు ఆకులు, అక్కడ నాలుగు చిగుళ్లు గిల్లుకొంటూ ముందుకు నడుస్తుంది. చూసేవారికి అది చపలత్వంగా తోచవచ్చు. నిజానికి అది మోతాదు తెలిసిన నడక.

పశువు నడకను ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన కాపరి కంచెనుంచి తన వైద్యాన్ని తాను కూర్చుకొన్నాడు. కాలు విరిగిన దూడకు నల్లేరు నూరి పట్టువేసి, వెదురు బద్దలతో కట్టుకడతాడు. పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెడతాడు. చర్మవ్యాధికి కానుగ నూనె పూస్తాడు. కడుపులో పురుగులకు మోదుగ గింజలు, జ్వరానికి తిప్పతీగ, వాపుకు వావిలి ఆకు కాపడం అతని ఎరుకలోనివి. సాయంవేళ కొట్టంలో దోమలు ముసిరితే వేపాకు, వావిలాకు పొగ వేస్తాడు. వీటిలో ఏ ఒక్కదానికోసమూ అతడు అంగడికి పోడు. కంచె దగ్గరికి పోతాడు.

పశువు తిన్నదే కాదు, తినక విడిచినది కూడా అతనికి పాఠమే. 'మేకమేయని ఆకు' అని తెలుగువారు ఒక తీగకు పేరు పెట్టారు. వెర్రిపాల, కుక్కపాల అన్నవి దాని మరి రెండు పేర్లు. అడ్డసరాన్ని తమిళులు 'ఆడాతొడై' అంటారు. మేక ముట్టనిదని ఆ పేరుకు అర్థం చెబుతారు. వృక్షశాస్త్రజ్ఞులు ఆ మొక్కకు పెట్టిన 'అధతోడ' అన్న పేరు కూడా దానినుంచి వచ్చినదే. విశేషమేమంటే మేక విడిచిపెట్టిన ఈ రెండు మొక్కలనూ మనిషి ఉబ్బసానికి, దగ్గుకు మందుగా స్వీకరించాడు. అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగా రూపొందించిన బ్రోమ్‌హెక్సిన్ నేటికీ దగ్గుమందుల్లో వాడుకలో ఉన్నది. ఏ జీవీ ముట్టని ఆకులో ఏదో తీక్ష్ణమైన గుణం ఉండి తీరాలన్న ఊహ మొదట కలిగినది మేకల వెంట తిరిగినవారికే. గురివింద ఆకు నోటికి తీపి, గింజ ప్రాణాంతకమైన విషం. ఒకే తీగలో ఏది మేత, ఏది మృత్యువు అన్న వివేకం పశువుకు, కాపరికి జీవన్మరణ సమస్య.

ప్రాచీన వాఙ్మయం ఈ విద్యను గుర్తించకపోలేదు. ఓషధుల పేర్లను, రూపాలను అడవిలో మేకలను, గొర్రెలను, ఆవులను కాచేవారు, ఇతర వనవాసులు ఎరుగుదురని చరకసంహిత సూత్రస్థానం తొలి అధ్యాయంలోనే చెప్పింది. పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన వాటి ప్రయోగం పూర్తిగా తెలిసినట్లు కాదని కూడా వెంటనే హెచ్చరించింది. కాపరికి గౌరవం, పరీక్షకు ప్రాధాన్యం ఒకేచోట ఇచ్చిన ఆ వివేకం నేటికీ ఆదర్శప్రాయం. పశుపాలనను భారతకథ కూడా చిన్నచూపు చూడలేదు. అజ్ఞాతవాసంలో నకులుడు దామగ్రంథి పేరుతో విరటుని అశ్వశాలను, సహదేవుడు తంత్రీపాలుడనే పేరుతో అతని గోగణాన్ని రక్షించారు. అయితే గ్రంథస్థమైన పశువైద్యంలో అగ్రస్థానం రాజుల వాహనాలకే దక్కింది. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం, పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం ప్రసిద్ధి చెందాయి. యుద్ధానికి పనికివచ్చే గుర్రానికి, ఏనుగుకు తాళపత్రాలు దొరికాయి. దుక్కి దున్నే ఎద్దుకు, బీదవాని మేకకు సంబంధించిన వైద్యం చాలావరకు కాపరి నోటనే ఉండిపోయింది. నోట ఉన్నది కాబట్టే నేడు అది త్వరగా నశిస్తున్నది.

పశువుకు నిజంగా వైద్యం తెలుసునా, లేక ఇదంతా మనుషుల కల్పనయా అన్న సందేహం కలగడం సహజం. గత నాలుగు దశాబ్దాల పరిశోధన ఈ సందేహానికి కొంత సమాధానం చెప్పింది. టాంజానియాలోని మహలే పర్వతాల్లో 1987లో అస్వస్థతతో ఉన్న ఒక చింపాంజీ, తమ జాతి సాధారణంగా తినని చేదు మొక్క బెరడు ఒలిచి, లోపలి గుజ్జు నమిలి రసం మింగడాన్ని మైకేల్ హఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. స్థానిక ప్రజలు కూడా ఆ మొక్కను కడుపుజబ్బులకు వాడుతుండడం గమనార్హం. సుమత్రా దీవిలో 2022లో ఒక ఒరాంగుటాన్ తన ముఖంమీది గాయానికి ఒక తీగ ఆకులు నమిలి పూసుకొన్న సంగతి 2024లో లోకానికి వెల్లడైంది.

కోతిజాతులు తెలివైనవి కాబట్టి సరే, గొర్రె మాటేమిటని అడగవచ్చు. అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన హువాన్ విలాల్బా, ఫ్రెడ్ ప్రొవెంజా ప్రభృతులు 2006లో ప్రకటించిన ప్రయోగం ఈ ప్రశ్నకు జవాబు. వారు గొర్రెపిల్లలకు స్వల్పంగా బాధ కలిగించే మూడు రకాల మేతలను, ఒక్కొక్కదానికి తగిన విరుగుడును వేర్వేరుగా రుచి చూపించారు. తరువాత మూడు విరుగుళ్లనూ ఎదుట పెట్టినప్పుడు, ముందు అనుభవం ఉన్న పిల్లలు తమ బాధకు తగిన విరుగుడునే ఎన్నుకొన్నాయి. అనుభవం లేనివి ఎన్నుకోలేకపోయాయి. కడుపులో పురుగుల బెడద ఉన్న గొర్రెపిల్లలు వగరు మేతను ఎక్కువగా తింటాయని కూడా ఆ బృందం తరువాతి ప్రయోగాలు చూపాయి. ఏది తినాలో, ఏది మానాలో దూడ తల్లి వెంట తిరుగుతూ నేర్చుకొంటుందని, తిన్నదాని ఫలితాన్ని ఒంటితో గుర్తుంచుకొంటుందని ప్రొవెంజా నిరూపించాడు. దీనినిబట్టి పశువు విద్య పుట్టుకతో వచ్చిన వరం మాత్రమే కాదనీ, అది చాలావరకు తల్లినుంచి పిల్లకు, మందనుంచి దూడకు సంక్రమించే చదువనీ తెలుస్తున్నది. చదువన్నప్పుడు దానికి బడి కావాలి. నానావిధాలైన మొక్కలున్న కంచె ఆ బడి. పుట్టినది మొదలు కొట్టంలోనే కట్టివేసి, ఒకే రకం దాణా పెట్టిన దూడకు ఆ అక్షరాభ్యాసం జరగదు.

ఖమ్మం ప్రాంతపు రైతులకు చిరపరిచితమైన సుబాబుల్ చెట్టు ఇందుకు మరొక ఉదాహరణ. దాని ఆకు మంచి మేత. కాని అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల, ఎక్కువగా తిన్న పశువులకు వెంట్రుకలు రాలడం, కంఠగ్రంథి దెబ్బతినడం సంభవిస్తాయి. ఆస్ట్రేలియాలో ఈ నష్టం జరుగుతుండగా హవాయి దీవుల్లోని మేకలు అదే ఆకును నిరపాయంగా తింటున్నాయి. ఆ మేకల పొట్టలో విషాన్ని విరిచే సూక్ష్మజీవి ఉన్నదని రేమండ్ జోన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1980వ దశకంలో కనుగొన్నాడు. దానిని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించగా అవీ ఆ ఆకును అరిగించుకొన్నాయి. ఒక నేలమీది మొక్కకు, అక్కడి పశువు పొట్టకు మధ్య సాగే పరిచయం ఎంత లోతైనదో ఈ ఉదంతం తెలుపుతున్నది.

అంతమాత్రాన కంచెలో ఉన్నదంతా అమృతమని, కాపరి చెప్పినదంతా వేదమని భావించడం పొరపాటు. పాముతో పోరాడిన ముంగిస ఏదో వేరు తిని విషం విరుచుకొంటుందని తరతరాలుగా ఒక నమ్మకం ఉన్నది. ఆ రక్షణ ముంగిస శరీరంలోనే ఉన్నదని, పాము విషం అంటుకోవలసిన కణగ్రాహకాల నిర్మాణం దానిలో భిన్నంగా ఉన్నదని 1992లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. కరవుకాలంలో ఎదుగుదల ఆగిన లేత జొన్నను ఆశగా మేసి 'నాము' తగిలి చనిపోయే పశువులెన్నో ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో అలంకారపు మొక్కగా కలకత్తా వృక్షోద్యానానికి వచ్చిన లంటానా నేడు దేశమంతటా కంచెలను, అడవులను ఆక్రమించింది. దాని ఆకు మేసిన పశువుకు కాలేయం చెడి, ఎండ సోకినచోట చర్మం పగులుతుంది. తాతముత్తాతలు ఎరుగని మొక్క ఎదురైనప్పుడు, ఆకలి మితిమీరినప్పుడు పశువు వివేకం కూడా ఓడిపోతుంది.

అంటువ్యాధుల ముందు ఆకుమందు నిలవదన్న సత్యాన్ని కూడా దాచవలసిన పని లేదు. ఒకప్పుడు మందలకు మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి 2011లో ప్రపంచంనుంచే తొలగిపోయింది. దానిని తొలగించినది టీకా. ఏ పసరూ కాదు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు వంటి వ్యాధులకు నేటికీ టీకాయే శరణ్యం. తెలంగాణలో 2017లో సంచార పశువైద్యశాలలు ప్రారంభమై, 1962 అన్న సంఖ్యకు ఫోన్ చేస్తే వైద్యుడు ఊరికే వచ్చే ఏర్పాటు జరగడం మేలైన మార్పు. చూలు అడ్డం తిరిగిన ఆవును కంచె కాపాడలేదు. వైద్యుని చేయి కాపాడుతుంది.

అయితే ఆధునిక వైద్యానికీ తన హద్దులున్నాయి. నొప్పి తగ్గడానికి పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను నాశనం చేసింది. 1990వ దశకంలో మొదలైన ఆ మారణం వల్ల దేశంలోని కొన్ని జాతుల రాబందులు నూటికి తొంభై ఐదు వంతులకు పైగా నశించాయి. 2004లో కారణం తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. విచక్షణ లేకుండా వాడిన సూక్ష్మజీవనాశక ఔషధాలు రోగకారక క్రిములనే బలపరుస్తున్నాయన్న భయం మరొకటి. ఈ కారణాల వల్లనే శాస్త్రజ్ఞులు మళ్లీ కంచెవైపు చూస్తున్నారు. పొదుగువాపుకు కలబంద గుజ్జు, పసుపు, సున్నం కలిపి పూసే చికిత్సను జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ రైతుల్లో ప్రచారం చేస్తున్నది. చిన్న రుగ్మతకు పెరటి మందు, పెద్ద వ్యాధికి వైద్యుడు అన్న విభజన పశువుకూ మేలు, రైతుకూ మేలు. ఇవి రెండూ ఒకదానికొకటి ప్రత్యర్థులు కావు.

ఇంత ప్రయోజనం ఉన్న కంచె ఎందుకు పోతున్నది? సిమెంటు స్తంభాలు, ఇనుప ముళ్లతీగ అంతటా దొరుకుతున్నాయి. పచ్చని కంచె నాలుగైదు అడుగుల నేలను ఆక్రమిస్తుంది. తీగ కంచెకు జానెడు చాలు. సాగుభూమి ముక్కలైన కొద్దీ ఆ నాలుగడుగులూ రైతుకు విలువైనవే. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతాల్లో ఆయిల్‌పామ్ తోటలు విస్తరించాయి. సారపాకలో 1979లో కాగితపు పరిశ్రమ ఉత్పత్తి ప్రారంభించిన తరువాతి దశాబ్దాల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగాయి. ఇవి రైతుకు నిలకడైన రాబడి ఇస్తున్నాయి కనుక వాటిని తప్పుపట్టడం న్యాయం కాదు. కాని ఒకే జాతి చెట్లు బారులు తీరిన చోట పశువుకు ఎన్నుకొనే అవకాశం లేదు. జామాయిల్ ఆకును పశువు వాసన చూసి విడిచిపెడుతుంది. గట్లమీద కలుపుమందు చల్లే అలవాటు కంచె మొదళ్లలోని చిన్నమొక్కలను కూడా కాల్చివేస్తున్నది. ఎద్దు చేసే పనిని ట్రాక్టరు అందుకోవడంతో మందలే చిన్నవవుతున్నాయి.

అన్నింటికన్న క్లిష్టమైన అంశం కాపరిది. ఈ విద్యను మోసుకొచ్చినవారిలో చాలామంది బడి మొగం చూడని పిల్లలు. ఎనిమిదేళ్లకే ఆసామి ఇంట జీతానికి కుదిరి, ఎండలో వానలో పశువుల వెంట తిరిగిన బాల్యాలు అవి. వారు నేర్చిన మొక్కల జ్ఞానం గొప్పదే. దానికోసం వారు చెల్లించిన మూల్యం మాత్రం అన్యాయమైనది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువును హక్కుగా ప్రకటించింది. ఆ పిల్లలు నేడు ఆశ్రమ పాఠశాలల్లో చదువుకోవడం సంతోషించవలసిన సంగతి. కంచె విద్యను కాపాడడానికి ఎవరి బిడ్డనైనా మళ్లీ పశువుల వెంట పంపాలని కోరడం క్రూరత్వమే అవుతుంది. చేయవలసిన పని దానికి విపర్యయం. పిల్లవాడు బడికి వచ్చాడు కనుక, అతని తాత విద్య కూడా బడికి రావాలి. కోయగూడెంనుంచి వచ్చిన విద్యార్థికి ఇంటివద్ద తెలిసిన నలభై మొక్కల పేర్లకు తరగతి గదిలో విలువ లేకపోతే, ఆ చదువు అతనికి అక్షరాలు ఇచ్చి అడవిని మరపిస్తుంది.

మేత హక్కు కోసం తెలుగువారు ప్రాణాలొడ్డిన చరిత్ర ఉన్నది. అడవిలో పశువులు మేపుకొన్నందుకు విధించిన పుల్లరి పన్నును ఎదిరించి పల్నాటిలో కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియైనాడు. ఆదిలాబాదు అడవుల్లో భూమి, అడవి, నీటి హక్కులకోసం పోరాడిన కొమరం భీమ్ 1940లో నేలకొరిగాడు. ఆ త్యాగాల ఫలం చాలా ఆలస్యంగా చట్టరూపం ధరించింది. 2006 అటవీహక్కుల చట్టం గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీవాసులకు సాగుభూమిపై హక్కుతోపాటు పశువులను మేపుకొనే సామూహిక హక్కును, జీవవైవిధ్యానికి సంబంధించిన తమ సంప్రదాయ జ్ఞానంపై హక్కును కూడా గుర్తించింది. పోడుభూముల పట్టాలను గురించి జరిగినంత చర్చ ఈ మేత హక్కును గురించి, జ్ఞాన హక్కును గురించి జరగకపోవడం లోపమే. పట్టా ఒక కుటుంబానికి అన్నం పెడుతుంది. మేత హక్కు ఊరి మందనంతటినీ బ్రతికిస్తుంది.

జ్ఞాన హక్కు అనేది ఊహామాత్రం కాదు. కేరళలోని కాణి గిరిజనులు అలసట ఎరుగకుండా నడవడానికి ఒక మొక్క కాయలు తినడాన్ని 1987లో తిరువనంతపురం సమీపాన పాలోడులోని వృక్షోద్యాన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ 'ఆరోగ్యపచ్చ' మొక్కనుంచి రూపొందించిన ఔషధం తయారీకి 1995లో అనుమతి ఇచ్చినప్పుడు, వచ్చిన రుసుములో సగం కాణి ప్రజలకు చెందేటట్లు ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటులో ఒడిదుడుకులు లేకపోలేదు. అయినా తెలిపినవానికి వాటా ఉండాలన్న నీతికి అది నాంది పలికింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఏర్పడవలసిన జీవవైవిధ్య యాజమాన్య సంఘం తన పరిధిలోని మొక్కలను, వాటి వాడుకను ప్రజల జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలి. చర్ల, దుమ్ముగూడెం మండలాల కాపరులు చెప్పే మాటలు, వారి పేరుమీదనే, వారి భాషలోనే ఆ రిజిస్టరుకు ఎక్కితే తాళపత్రాలకు నోచుకోని వైద్యానికి ఇన్నాళ్లకు ఒక పుట దొరుకుతుంది.

అయితే పుస్తకంలోకి ఎక్కినంత మాత్రాన విద్య బ్రతికినట్లు కాదు. చిగురుకు, ముదురుకు గల తేడాను, తొలకరి ఆకుకు, వేసవి ఆకుకు గల గుణభేదాన్ని అక్షరాలు పూర్తిగా పట్టుకోలేవు. అందుచేత కంచె కూడా బ్రతకాలి. తీగ కంచె వేసుకొన్న రైతు సైతం దాని వెంబడి ఒక్క వరుస వావిలి, కానుగ, అవిశె, సీమచింత నాటుకోవచ్చు. పాఠశాల, కళాశాల ఆవరణలకు ప్రహరీ ఉన్నా లోపలివైపు పచ్చని కంచె పెంచవచ్చు. ఉపాధి హామీ పనుల్లో గట్లమీద మొక్కలు నాటేటప్పుడు పశువులు మేసే జాతులను ఎన్నుకోవచ్చు. వీటిలో ఏదీ పెద్ద ధనవ్యయంతో కూడినది కాదు.

యువతీయువకులు చేయగలిగిన పని మరొకటి ఉన్నది. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు, ఒక పూట ఊరి మంద వెంట నడిచి, ఏ పశువు ఏ మొక్కను మేసిందో, దేనిని వాసన చూసి విడిచిందో రాసుకోవడం కష్టమేమీ కాదు. ఆ మొక్క పేరు, గుణం కాపరినడిగి తెలుసుకోవాలి. తరువాత వృక్షశాస్త్ర అధ్యాపకునితో సరిచూసుకోవాలి. పేరూ రూపమూ తెలిపేవాడు కాపరి. ప్రయోగాన్ని పరీక్షించేది శాస్త్రం. చరకుడు గుర్తించిన ఆ రెండు పార్శ్వాలు ఒక విద్యార్థి పుస్తకంలో ఒకే పుటలో కలుసుకోగలవు.

చేనుకు కంచె కాపలా. ఆ కంచెకు కాపలా ఎవరన్నది నేటి ప్రశ్న. దానిని మేసి బ్రతికే పశువు నోరులేనిది. దానిని ఎరిగిన కాపరి మాటకు ఇంతవరకు సభలో చోటు లేదు. నోరూ, అక్షరమూ, రెండూ ఉన్న నేటి తరమే ఆ కావలి బాధ్యతను స్వీకరించాలి.